కళ్ళు మూసుకుంటే పల్లె కనపడుతుందా?

తెనాలి జంక్షన్‌లో దారులు చీలతాయి. ఒక లైను వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయి అక్కడితో ఆగిపోతుంది. ఇంకోటి చుండూరు, నిడుబ్రోలు దాటి బాపట్ల మీదుగా చెన్నై వైపు సాగిపోతుంది. మొదటి లైను మీద భట్టిప్రోలులో బుద్ధుడి ధాతువుల కోసం కట్టిన స్తూపం ఉంది. రెండో లైను మీద చుండూరులో రక్తక్షేత్రం ఉంది. 1991 ఆగస్టు 6న చంపి, గోనెసంచుల్లో కుక్కి, డ్రైనులో పారేసిన మనవాళ్ళను సమాధి చేసుకున్న చోటు అది. ధ్యానం గురించి రాయాలనుకున్నప్పుడు ఈ రెండు రైళ్ళూ ఎక్కక తప్పదని మాకు అనిపించింది.

ధ్యానం గురించి ఇప్పుడెందుకంటే, కాలేజీల్లో, ఆఫీసుల్లో 'మైండ్‌ఫుల్‌నెస్' తరగతులు మామూలైపోయాయి. ఒత్తిడి తగ్గుతుందని మొదలుపెట్టిన మాట ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసింది. ఇది చేస్తే ఎదుటివాళ్ళ బాధ అర్థమవుతుంది, మనుషులు దగ్గరవుతారు, వివక్ష తగ్గుతుంది అంటున్నారు. మేం తెనాలిలో కూర్చున్న ఒక అధ్యయన తరగతిలో బాపట్ల నుంచి వచ్చిన విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మొదలు. "అన్నా, మెస్సులో నేను కూచోగానే పళ్ళెం పట్టుకుని పక్క బల్లకు లేచిపోయేవాడు ఒకడున్నాడు. మా కాలేజీలో ధ్యానం క్లాసు పెడుతున్నారు. వాడు ఎనిమిది వారాలు ఊపిరి మీద ధ్యాస పెడితే లేచిపోవడం మానేస్తాడా?"

నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదది. దీనికి శాస్త్రం దగ్గర కొంత సమాధానం ఉంది. ఆ సమాధానం ధ్యానం అమ్మేవాళ్ళు చెప్పినంత తీపిగానూ లేదు, మనలో కొందరు కొట్టిపారేసినంత చేదుగానూ లేదు.

ముందు మాటలు తేల్చుకుందాం. పాళీలో 'సతి' అంటారు, సంస్కృతంలో స్మృతి. మన తెలుగులో 'ఎరుక' అంటే దగ్గరగా ఉంటుంది. ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో మంచీచెడూ తీర్పు చెప్పకుండా గమనించడం. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీన్ని ఎనిమిది వారాల కోర్సుగా మలిచాడు. దీర్ఘకాలపు నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం మొదలైన కోర్సు అది. తర్వాత జబ్బేమీ లేనివాళ్ళకు కూడా పాకింది. బుద్ధుడి అష్టాంగ మార్గంలో ఈ ఎరుక ఏడోది. దానికి ముందు సరైన దృష్టి, సరైన మాట, సరైన పని, సరైన జీవనోపాధి లాంటివి ఆరున్నాయి. ఆ ఆరూ పక్కనపెట్టి ఏడోదాన్ని ఒక్కదాన్నే ఊడదీసి తెచ్చుకున్నారన్నది గుర్తుపెట్టుకోవాలి.

రెండో మాట ఎంపతీ. దీన్ని మన పత్రికలు చాలాసార్లు సానుభూతి అని రాస్తాయి. సానుభూతి అంటే మనకు తెలుసు. గట్టు మీద నిలబడి నీళ్ళలో ఉన్నవాణ్ణి చూసి 'అయ్యో' అనడం. దళిత సాహిత్యం మొదటినుంచీ వద్దన్నది దాన్నే. మేం ఇక్కడ సహానుభూతి అనే మాట వాడుతున్నాం. పరిశోధకులు దీన్ని కూడా ముక్కలు చేసి చూస్తారు. ఎదుటిమనిషి ఏమనుకుంటున్నాడో అర్థం చేసుకోవడం ఒకటి. అతని బాధ మన ఒంట్లోకి రావడం ఇంకొకటి. ఆ బాధ తీరాలని కోరుకోవడం, అందుకు కదలడం మూడోది, దాన్ని కరుణ అంటారు. ఇవి కలిసే ఉంటాయనుకుంటాం గానీ, ఉండవు. ఎదుటివాడి మనసు బాగా అర్థమైన వడ్డీవ్యాపారి దాన్ని దేనికి వాడుకుంటాడో మనకు తెలియనిదా?

ఇక ప్రయోగాల సంగతి. తొలి రోజుల అధ్యయనాలు ఎక్కువగా ప్రశ్నపత్రాల మీద ఆధారపడ్డాయి. 1998లో అమెరికాలో షాపిరో, మరో ఇద్దరు పరిశోధకులు వైద్య విద్యార్థులకు ఈ శిక్షణ ఇచ్చి చూశారు. సహానుభూతి మార్కులు పెరిగాయి. అయితే ఆ మార్కులు వేసుకున్నది విద్యార్థులే. 'మీ కంటే దురదృష్టవంతుల్ని చూస్తే మీకు జాలి కలుగుతుందా' లాంటి ప్రశ్నకు ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకుని వచ్చినవాడు 'కలగదు' అని రాస్తాడా? మన ఊళ్ళలో 'మాకు కులపట్టింపు లేదండీ' అనే మాట ఎంతమంది నోట వినలేదు! నోటితో చెప్పేదానికీ, గ్లాసు ఎక్కడ పెడతారన్నదానికీ ఉన్న దూరం మనకు ఏ పరిశోధకుడూ చెప్పక్కర్లేదు.

ఆ దూరాన్ని కొలవడానికే 2013లో బోస్టన్‌లో కాండన్, డెస్టెనో బృందం ఒక తమాషా ప్రయోగం చేసింది. ఆరోగ్యంగా ఉన్న 39 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ధ్యానం నేర్పారు, మిగతావాళ్ళను తర్వాత నేర్పుతామని ఆపారు. చివర్లో ఏవో మానసిక పరీక్షలున్నాయని పిలిచారు. వెయిటింగ్ గదిలో మూడే కుర్చీలు. రెండింట్లో పరిశోధకుల మనుషులే కూర్చుని ఉన్నారు. మూడోది వచ్చినవాళ్ళకు. కాసేపటికి చంకకర్రలతో, కాలికి కట్టుతో ఒకామె మూలుగుతూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చున్న ఇద్దరూ పట్టించుకోనట్టు నటించారు. మూడోమనిషి లేస్తాడా, లేవడా? అసలు పరీక్ష అదే. ధ్యానం చేయనివాళ్ళలో 16 శాతం లేచి కుర్చీ ఇచ్చారు. చేసినవాళ్ళలో 50 శాతం. 2015లో అదే బృందం ఫోనులో మూడు వారాల ధ్యానం యాప్‌తో మళ్ళీ చూస్తే 14 శాతానికి 37 శాతం వచ్చింది.

బాగుంది కదా! మాకూ చదవగానే సంతోషమేసింది. కానీ ఈ ప్రయోగాల్లో మనుషుల సంఖ్య చాలా తక్కువ. 2018లో క్రెప్లిన్, ఫరియాస్, బ్రెజిల్ అనే ముగ్గురు ఇలాంటి 22 అధ్యయనాలను ఒకచోట పేర్చి లెక్కకట్టారు. సహానుభూతి, కరుణ ఒక మోస్తరుగా పెరిగినట్టు కనపడింది. అయితే కరుణ పెరిగినట్టు తేలిన అధ్యయనాల్లో ఒక మెలిక ఉంది. ధ్యానం నేర్పిన గురువే ఆ పరిశోధనాపత్రం రాసినవాళ్ళలో ఒకడైనప్పుడు, లేదా పోల్చిచూసే రెండో గుంపుకు ఏ పనీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టినప్పుడు మాత్రమే ఆ పెరుగుదల ఉంది. ఎదుటి గుంపు మీద దురభిప్రాయం తగ్గిందా అంటే, తగ్గినట్టు తేలలేదు. కోపావేశమూ తగ్గలేదు. ఇది ధ్యానం వ్యర్థమని చెప్పే లెక్క కాదు, ప్రచారంలో ఉన్నంత బలం లేదని చెప్పే లెక్క.

మనకు అసలైన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె ఎవరు? లేచినవాళ్ళు ఎవరికోసం లేచారు?

2009లో చైనాలో షూ, హాన్ బృందం చైనీయులకూ తెల్లవాళ్ళకూ కొన్ని వీడియోలు చూపించి మెదడును స్కాన్ చేసింది. ఒక ముఖానికి సూది గుచ్చుకుంటూ ఉంటుంది. మన నొప్పికి స్పందించే మెదడు భాగమే ఎదుటివాళ్ళ నొప్పికీ స్పందిస్తుంది. కానీ ఆ ముఖం తమ జాతిది కానప్పుడు ఆ స్పందన తగ్గింది. రెండు వైపులా తగ్గింది. వీళ్ళెవరూ రోగులు కారు, క్రూరులూ కారు. మామూలు విద్యార్థులు.

చుండూరు గురించి రాసేటప్పుడు మేం చాలాసార్లు 'మృగాలు', 'ఉన్మాదం' అనే మాటలు వాడాం. ఇప్పుడు ఆ మాటలు తప్పనిపిస్తున్నాయి. 1991 జులైలో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకుల యువకుడికి తగిలింది. అక్కడ మొదలైంది గొడవ. తర్వాత కూలికి పిలవడం మానేశారు, సాంఘిక బహిష్కరణ పెట్టారు. నెల తిరిగేసరికి పంటచేలల్లో, కాలవగట్ల మీద ఎనిమిది మందిని వెంటాడి నరికారు. అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడులోనూ అంతే. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి కడగొద్దన్నందుకు 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ పనులు చేసిన గుంపుల్లో ఉన్నవాళ్ళు పిచ్చివాళ్ళు కాదు. ఏ డాక్టరు చూసినా ఆరోగ్యవంతులనే రాసిస్తాడు. వాళ్ళు తమ పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకునే తండ్రులే. తమవాడికి కాలు తగిలిన అవమానాన్ని ఊరంతా తమ ఒంటి మీద పడ్డట్టు అనుభవించారు. దాన్ని సహానుభూతి కాదని ఎలా అంటాం? అది ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగింది. పల్లెలోకి అడుగుపెట్టలేదు. కులాన్ని పాటించేవాళ్ళు అమానుషులై, బుర్ర తిరిగి పాటించడం లేదనీ, వాళ్ళు నమ్మే ధర్మం వాళ్ళకు అలా నేర్పిందనీ అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో చెప్పాడు. జబ్బు మనిషి బుర్రలో కాదు, బుర్రకు అందిన పాఠంలో ఉంది.

మరి అలాంటి ఆరోగ్యవంతుడు కళ్ళు మూసుకుని ఎరుక పెంచుకుంటే ఏమవుతుంది? 2021లో అమెరికాలోని బఫెలోలో పూలిన్ బృందం చేసిన ప్రయోగం దీనికి దగ్గరగా వస్తుంది. కొందరు తమను 'నేను' అని విడిగా చూసుకుంటారు, ఇంకొందరు 'మేము' అని నలుగురితో కలిపి చూసుకుంటారు. కాసేపు మైండ్‌ఫుల్‌నెస్ చేయించి, ఒక స్వచ్ఛంద సంస్థ కోసం ఉచితంగా కవర్లలో కాగితాలు పెట్టే పని ఇస్తే, 'మేము' మనుషులు ఎక్కువ సాయం చేశారు, 'నేను' మనుషులు ధ్యానం చేయకపోతే చేసేదానికంటే తక్కువ చేశారు. అంటే ధ్యానం కొత్త విలువను తెచ్చి పెట్టలేదు, లోపల ఉన్నదాన్నే పెంచింది. దీన్ని చదివి చాలామంది 'అయితే మనది కుటుంబ, సమాజ సంస్కృతి కాబట్టి మనకు మంచిదే' అని రాసుకున్నారు. మేం అంత తొందరపడం. మన ఊళ్ళలో 'మేము' కి కొదవ లేదు. చుండూరులో ఆ రోజు కత్తులు పట్టింది 'నేను' కాదు, 'మేము'. ఆ 'మేము'లో ఎవరెవరు ఉన్నారన్నది బఫెలోలో ఎవరూ కొలవలేదు. కులం మీద ఇలాంటి ప్రయోగం మా కంటికి కనపడలేదు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళ మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి కులం మీద అతికించడం కూడా జాగ్రత్తగా చేయాల్సిన పనే.

ఇంకొక పరిశోధన మమ్మల్ని బాగా కలవరపెట్టింది. 2022లో హాఫెన్‌బ్రాక్, మరో ఇద్దరు 1,400 మందికి పైగా మనుషులతో ఎనిమిది ప్రయోగాలు చేశారు. ఎవరికైనా అన్యాయం చేసి బాధపడ్డ సందర్భం గుర్తుచేసుకుని రాయమన్నారు. తర్వాత కొందరి చేత ఊపిరి మీద ధ్యాస పెట్టించారు. వాళ్ళలో తప్పు చేశామన్న బాధ తగ్గింది. దాంతోపాటు ఆ తప్పు దిద్దుకోవాలన్న కోరికా తగ్గింది. తమవల్ల నష్టపోయిన మనిషికి ఇవ్వాలనుకున్నది తగ్గిపోయింది. చూడండి, ఎంత మామూలు సంగతో! గుండెలో ముల్లు గుచ్చుకుంటే మనిషి ఏదో ఒకటి చేస్తాడు. ముల్లు తీసేస్తే హాయిగా పడుకుంటాడు. ముల్లు తీయించుకున్నవాడికి ప్రశాంతత దొరికింది, సరే. గాయపడ్డ రెండోమనిషి సంగతి?

మన ఉద్యమం నడిచిందే ఆ రెండోమనిషి కోసం. కారంచేడు తర్వాత 1985లోనే చీరాలలో దళిత మహాసభ పుట్టింది. అది ఎవర్నీ జాలిపడమని అడగలేదు. నేరాన్ని నేరమని రాయమంది, చట్టం కావాలంది. ఆ ఒత్తిడే 1989 అత్యాచారాల నిరోధక చట్టం దాకా నడిచిన దారుల్లో ఒకటి. చుండూరు బాధితులు కోర్టు తమ ఊరికే రావాలన్నారు, వచ్చింది. 2007 జులై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఇన్నేళ్ళలో ఏ మెట్టు మీదా మనకు అడ్డుపడింది 'ఒత్తిడి' కాదు. కాబట్టి ఒక కాలేజీలో కులవేధింపు ఫిర్యాదు వచ్చినప్పుడు విచారణ కమిటీకి బదులు ధ్యానం తరగతి పెడితే, ఆ తరగతి ఎవరి నిద్రకోసమో అడగాల్సిందే. ఫిర్యాదు చేసిన పిల్లనే 'మనసు ప్రశాంతంగా ఉంచుకోమ్మా' అని అందులో కూర్చోబెట్టిన సందర్భాలు మేం విన్నాం.

ఇంతవరకు చదివి ధ్యానమంటే పెద్దకులాల తంతు అని మూసేయకండి. మన ఇల్లు ఇందులో ఉంది. రేపల్లె రైల్లో భట్టిప్రోలులో దిగండి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే స్తూపం నడిబొడ్డున మూడు రాతిపెట్టెలు బయటపడ్డాయి, లోపల స్ఫటికపు భరిణె, ధాతువులు. పెట్టెల మీది అక్షరాలు క్రీస్తుకు పూర్వపువి, మన తెలుగు లిపి చరిత్ర చెప్పేవాళ్ళంతా వాటి దగ్గర ఆగుతారు. ఆ రాతల్లో కుబీరకుడనే రాజు పేరుంది. దాంతోపాటు గోష్ఠి సభ్యుల పేర్ల వరసలున్నాయి. అంటే ఆ స్తూపం నలుగురు పోగై చేసుకున్న పని. కృష్ణ డెల్టాలో ఈ ఎరుక పాఠం మొదట వినపడినప్పుడు అది సంఘంలో వినపడింది.

పరిశోధన కూడా ఆ వైపే వేలు చూపిస్తోంది. జర్మనీలోని లీప్‌జిగ్‌లో టానియా సింగర్ బృందం సుమారు 300 మంది ఆరోగ్యవంతులతో తొమ్మిది నెలలపాటు శిక్షణ నడిపింది. మూడు నెలలు ఊపిరి, ఒంటి మీద ధ్యాస. మూడు నెలలు మైత్రి, కృతజ్ఞత లాంటి భావాల సాధన. మూడు నెలలు ఎదుటివాడి కోణంలోంచి చూడటం. ఒక్కో సాధన ఒక్కోదాన్నే పెంచింది. ఊపిరి మీద ధ్యాస ఏకాగ్రతను పెంచింది, కరుణను పెద్దగా కదపలేదు. మైత్రి సాధన కరుణను, ఇచ్చేగుణాన్ని పెంచింది. కోణం మార్చి చూసే సాధన ఎదుటివాడి మనసు అర్థం చేసుకోవడాన్ని పెంచింది. ఈ చివరి రెండింటిలో రోజూ ఒక తోడుతో కొద్ది నిమిషాలు మాట్లాడుకోవడం ఉంది. ఒకరు చెబుతారు, ఇంకొకరు మధ్యలో అడ్డురాకుండా వింటారు. ఇంతే. 2014లో కాంగ్, గ్రే, డొవిడియో ఆరు వారాల మైత్రి ధ్యానంతో నల్లవాళ్ళ మీద, ఇల్లులేనివాళ్ళ మీద మనసులో దాగిన దురభిప్రాయం తగ్గిందని చూపించారు. మైత్రి గురించి కేవలం చర్చించుకున్న గుంపులో తగ్గలేదు. పైన చెప్పిన హాఫెన్‌బ్రాక్ ప్రయోగాల్లోనూ మైత్రి ధ్యానం చేసినవాళ్ళలో తప్పు దిద్దుకోవాలన్న కోరిక ఊపిరి ధ్యానం చేసినవాళ్ళకంటే ఎక్కువగా నిలిచింది. గోయెంకా పద్ధతి విపశ్యన శిబిరానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, పది రోజుల్లో మైత్రి పదో రోజున వస్తుంది. చాలా కాలేజీ తరగతులు ఆ పదో రోజు దాకా పోవు, ఊపిరి దగ్గరే గంట కొట్టేస్తారు.

మైత్రి అనే మాటను అంబేడ్కర్ ఊరికే ఎంచుకోలేదు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో ఆయన కరుణ దగ్గర ఆగలేదు, మైత్రి దాకా వెళ్ళాడు. సౌభ్రాతృత్వం అనే మాట చాలదనీ, దానికి సరైన మాట బుద్ధుడి మైత్రేననీ ఇంకోచోట రాశాడు. కరుణలో పైనున్నవాడు కిందకు చూస్తాడు. మైత్రిలో పక్కన కూర్చోవాలి. ఆయన బౌద్ధం తీసుకున్నది కూడా గుహలో ఒంటరిగా కాదు, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో.

ఇంకొక మాట, ఇది మనలో మనకు. నిజనిర్ధారణకు వెళ్ళివచ్చిన రాత్రి నిద్రపట్టని కార్యకర్తలు మనలో చాలామంది ఉన్నారు. తల్లి ఏడుపు వినివిని చివరికి ఫోన్ తీయడమే మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మేం తప్పుపట్టం. క్లిమెకి, సింగర్ 2014లో చూపించింది ఇదే. ఇతరుల బాధను తమ బాధగా అనుభవించడం మాత్రమే సాధన చేసినవాళ్ళలో దిగులు పెరిగింది. తర్వాత కరుణ సాధన చేశాక ఆ దిగులు తగ్గింది, ఆత్మీయత పెరిగింది. బాధలో మునిగిపోవడమూ, బాధలో ఉన్నవాడి పక్కన నిలబడటమూ మెదడులో కూడా వేరువేరు దారులే. మన సంఘాలు మీటింగ్‌కు ముందు ఓ పది నిమిషాలు దీనికి ఇస్తే ఉద్యమం మెత్తబడిపోదు. కేసు ఇరవై మూడేళ్ళు నడిచిన ఊరు మనది, అంతకాలం మనిషి నిలబడాలి కదా.

బాపట్ల విద్యార్థికి ఇదంతా రెండు గంటలు చెప్పాం. క్లాసు పెట్టేవాళ్ళను ఏమడగాలో కూడా కలిసి రాసుకున్నాం. ఊపిరి దగ్గరే ఆపుతారా, మైత్రి దాకా తీసుకెళ్తారా? జంటలు కట్టించి ఒకరి మాట ఒకరు వినేలా చేస్తారా? జంటలు ఎవరు కడతారు, ఎవరికి వాళ్ళు కట్టుకుంటే పాత బల్లలే కదా మళ్ళీ? ఫిర్యాదుల కమిటీ పని దీనివల్ల ఆగదని రాసిస్తారా? ఫలితం ప్రశ్నపత్రంతో చూస్తారా, మెస్సులో చూస్తారా?

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాపట్ల బండికి టైమవుతోంది.

"నేను క్లాసుకు వెళ్తానన్నా," అన్నాడు. "వాడి పక్కనే చాపేసుకుని కూచుంటా. మొదటిరోజు లేచిపోతాడో లేదో అక్కడే తెలుస్తుంది."